నర్సింగ్ కళాశాల కంటే ముందు వార్డు ఉండాలి

సంపాదకుల వారికి,

ఆర్యా,

గత నెలలో ఒక ఆదివారం ఆరాధన ముగిసి బయటికి వస్తుండగా, చర్చి మెట్ల దగ్గర ఒక యువకుడు అందరి చేతుల్లోనూ రంగురంగుల కరపత్రం పెట్టాడు. పొరుగు రాష్ట్రంలోని ఒక క్రైస్తవ విశ్వవిద్యాలయం బి.ఎస్సి. నర్సింగ్‌లో చేరడానికి దరఖాస్తులు కోరుతున్నదని, మన ప్రాంతపు విద్యార్థినులకు ఫీజులో రాయితీ కూడా ఉన్నదని అందులో రాసి ఉంది. మిషన్ ఆసుపత్రుల్లో మొదట స్టాఫ్ నర్సుగా, తర్వాత నర్సింగ్ ట్యూటరుగా మొత్తం ముప్పైనాలుగేళ్లు పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నదాన్ని కనుక, దాన్ని ఇంటికి తెచ్చుకొని, కళ్లజోడు పెట్టుకొని రెండు వైపులా చదివాను. నాలుగంతస్తుల భవనం బొమ్మ ఉంది. ప్రార్థనాలయం, కంప్యూటర్ల గది, హాస్టల్ భోజనశాల ఉన్నాయి. ప్లాస్టిక్ చేతికి సూది గుచ్చుతూ నవ్వుతున్న అమ్మాయి ఉంది. రోగి మాత్రం ఎక్కడా లేడు. ఆసుపత్రి ఎక్కడున్నదో, అందులో పడకలెన్నో, పిల్లలు ఏ వార్డుల్లో పని నేర్చుకుంటారో ఒక్క ముక్క లేదు.

ఆ సాయంత్రమే మా వీధిలో కుట్టుమిషను మీద బతికే ఒకాయన అదే కరపత్రం మడిచి జేబులో పెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. కూతురు ఇంటర్ బైపీసీ పాసయింది. "సిస్టరమ్మగారూ, క్రైస్తవ యూనివర్సిటీ అంటున్నారు, పిల్ల భద్రంగా ఉంటుంది, పని కూడా బాగా నేర్పుతారు గదా, చేర్చమంటారా?" అని అడిగాడు. భద్రత సంగతి సరే గాని, క్రైస్తవ సంస్థ అయినంత మాత్రాన పని బాగా నేర్పుతుందన్న ఆయన నమ్మకానికి నేను వెంటనే అవుననలేకపోయాను. అలాగని కాదనడానికీ నోరు రాలేదు, ఎందుకంటే ఆ నమ్మకం గాలిలో నుంచి పుట్టింది కాదు. అది మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో మిషన్ ఆసుపత్రుల నర్సులు తరతరాలుగా సంపాదించిపెట్టిన పేరు. ఆ పేరు దేనివల్ల వచ్చిందో, ఇప్పుడు దాని మీద ఎవరు ఏం కడుతున్నారో మీ పాఠకుల ముందు పెట్టాలని ఈ ఉత్తరం రాస్తున్నాను.

నెల్లూరులో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1840లో మొదలైంది. ఒంగోలుకు ఆ మిషన్ పాదిరి క్లౌ దొర 1866లో వచ్చాడు. 1876 నుంచి 1878 దాకా నడిచిన ధాత కరువులో ఆయన బకింగ్‌హాం కాలువ తవ్వకం పని కాంట్రాక్టుకు తీసుకొని వేలమందికి కూలి దొరికేలా చేశాడు. కరువు తగ్గాక, 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. మా ముత్తాత ఆ రేవులో దిగినవారిలో ఒకడని మా ఇంట్లో చెప్పుకొనేవారు. ఊరి బావి నీళ్లు తోడుకొనే హక్కు లేని ఆ కుటుంబాల ఆడపిల్లలే తర్వాతి తరాల్లో మిషన్ బోర్డింగ్ బళ్లలో చదువుకొని నర్సులయ్యారు. పరాయివాడి ఒంటిని తాకడం, మలమూత్రాలు ఎత్తడం, రాత్రిళ్లు ఇంటికి దూరంగా పనిచేయడం ఆనాటి పరువుగల ఇళ్లవారికి పనికిరాని సంగతులు కనుక, ఆ పని మా పిల్లలకు మిగిలింది. అంటరానివారన్న చేతులతోనే ఊరివాళ్ల పుండ్లు కడిగి కట్లు కట్టారు. ఆ జీతం డబ్బులతోనే తమ్ముళ్లు చదువుకున్నారు, చెల్లెళ్ల పెళ్లిళ్లు జరిగాయి. మా అమ్మ ఆ తరం మనిషే.

ఇక్కడ గమనించవలసింది ఒకటుంది. ఒంగోలులో క్లౌ స్మారక ఆసుపత్రి గాని, నెల్లూరులో స్త్రీలకూ పిల్లలకూ బాప్టిస్టు మిషన్ పెట్టిన ఆసుపత్రి గాని, 1883లో వచ్చిన అన్నా కుగ్లర్ దొరసాని 1898లో గుంటూరులో తెరిచిన లూథరన్ ఆసుపత్రి గాని, నర్సులకు చదువు చెప్పడానికని పుట్టినవి కావు. ముందు రోగులు వచ్చారు. రోగులు పెరిగేసరికి చేతులు చాలక దగ్గరి పిల్లలకు పని నేర్పారు. నేర్పడం ఒక పద్ధతికి వచ్చాక దానికి నర్సింగ్ స్కూలన్న పేరు వచ్చింది. బోర్డు రాయడం అన్నిటికంటే చివరి పని. దక్షిణాదిలో మిషన్ స్కూళ్ల పిల్లలందరికీ క్రైస్తవ వైద్య సంఘం వారి పరీక్షల బోర్డు ఒకే ప్రశ్నపత్రం ఇచ్చేది. నేనూ ఆ పరీక్ష రాసినదాన్నే. ప్రశ్నపత్రం ఎంత కఠినంగా ఉన్నా మేము భయపడింది దానికి కాదు, వార్డులో రోగి మంచం పక్కన నిలబెట్టి చేయించే ప్రాక్టికల్ పరీక్షకు.

మన వైపు నుంచి గూడూరు, రేణిగుంట, కాట్పాడి మీదుగా రైలెక్కి జనం నేటికీ వెళుతున్న రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాల కథ కూడా ఇదే. ఐడా స్కడర్ దొరసాని నర్సుల స్కూలు 1909లో మొదలైంది. 1946లో అది కళాశాలగా మారి మద్రాసు విశ్వవిద్యాలయపు డిగ్రీ కోర్సు ప్రారంభించింది. దేశంలో నర్సింగ్‌కు డిగ్రీ మొదలైన సంవత్సరం అదే, ఆ ఏడే ఢిల్లీలోనూ మరొకటి మొదలైంది. స్కూలుకూ డిగ్రీకీ మధ్య ముప్పైయేడేళ్లున్నాయి. ఆ ముప్పైయేడేళ్లూ అక్కడ వార్డులు నడిచాయి. ఇప్పటికీ అక్కడ పాఠం చెప్పే అధ్యాపకులకు వార్డు బాధ్యత కూడా ఉంటుంది. పొద్దున రోగికి తానే చేసిన డ్రెస్సింగ్ గురించి మధ్యాహ్నం తరగతిలో చెప్పే టీచరుకూ, పదేళ్లుగా రోగిని ముట్టుకోకుండా స్లైడులు తిప్పే టీచరుకూ ఎంత తేడా ఉంటుందో చెప్పనక్కరలేదు.

మా అక్క కూతురు అమెరికాలో టెక్సస్‌లో నర్సుగా పనిచేస్తున్నది. బాప్టిస్టుల విశ్వవిద్యాలయమంటే అక్కడ బేలర్ పేరు చెబుతారు. ఆ విశ్వవిద్యాలయం ఉన్నది వేకో అనే ఊళ్లో. దాని నర్సింగ్ కళాశాల మాత్రం డల్లాస్‌లో ఉంది. రెంటి మధ్యా ఒంగోలు నుంచి విజయవాడకు ఉన్నంత దూరం. విషయమేమిటంటే, ఆ కళాశాల 1909లో డల్లాస్ ఆసుపత్రిలో నర్సుల స్కూలుగా పుట్టింది. 1950లో విశ్వవిద్యాలయంలో డిగ్రీ ఇచ్చే శాఖ అయినా దాన్ని ఆసుపత్రుల ఊరి నుంచి కదపలేదు. పిల్లలు మొదటి రెండేళ్ల చదువు వేకోలో చదివి, వార్డు పని కోసం డల్లాస్‌కు వెళ్లే పద్ధతి నడిచింది. డబ్బుకూ స్థలానికీ కొదవ లేని దేశంలో, అంత పెద్ద విశ్వవిద్యాలయం కూడా రోగులున్న చోటికి పిల్లల్ని పంపింది గాని, తనకు వీలైన చోట రోగుల బదులు ప్లాస్టిక్ బొమ్మలు పెట్టుకొని సరిపెట్టుకోలేదు.

నర్సును మనం తెలుగులో పరిచారిక అంటాము. రాయవేలూరు కళాశాల తన ధ్యేయవాక్యంగా పెట్టుకొన్న మార్కు సువార్త వచనానికి తెలుగు బైబిల్లో ఉన్న మాట కూడా అదే: పరిచారము చేయించుకొనుటకు కాక, పరిచారము చేయుటకు. పౌలు రోమీయులకు రాసిన పత్రికలో కనిపించే ఫీబే అనే ఆమెను కూడా సంఘ పరిచారకురాలనే అన్నారు. నర్సింగ్ చరిత్ర పాఠంలో మేము మొదట నేర్చుకొనే పేరు ఆమెది. అక్కడి నుంచి పాఠం 1836లో జర్మనీలోని కైజర్స్‌వెర్త్‌లో ఫ్లైడ్‌నర్ పాదిరి తెరిచిన పరిచారికల గృహానికి వచ్చేది, అక్కడ 1851లో పని నేర్చుకొన్న ఫ్లోరెన్స్ నైటింగేల్ దగ్గరికి వచ్చేది. ఆమె 1860లో స్కూలు పెట్టినప్పుడు కూడా లండన్‌లోని సెయింట్ థామస్ ఆసుపత్రిలోనే పెట్టింది. చివరికి రోగులు మమ్మల్ని పిలిచే "సిస్టర్" అన్న మాట కూడా కన్యాస్త్రీల నుంచి వచ్చినదే. కాబట్టి నర్సింగ్‌కూ క్రైస్తవానికీ ఉన్న బంధుత్వం గురించి నాకు ఎవరూ చెప్పనక్కరలేదు. ఆ బంధుత్వం కరపత్రం మీద వేసే సిలువ గుర్తుతో నిలుస్తుందా అన్నదే నా సందేహం.

నేను మూడున్నరేళ్ల జి.ఎన్.ఎం. అనే నర్సింగ్ డిప్లొమా చదువుకు చేరిన మొదటి వారంలో నా చేతికి పుస్తకం ఇవ్వలేదు, దుప్పటి ఇచ్చారు. మంచం మీద రోగి ఉండగానే, అతన్ని పైకి లేపకుండా, నొప్పి పెట్టకుండా ఒక పక్కకు తిప్పి కింది దుప్పటీ, దాని మీది మెకింటాష్ అనే రబ్బరు షీటూ మార్చాలి. దుప్పటిలో ఒక్క ముడత మిగిలినా వార్డు సిస్టర్ ఏమీ అనకుండా మొత్తం లాగి పారేసి మళ్లీ వేయమనేది. మొదట్లో అది చాదస్తమనుకొనేదాన్ని. కనిగిరి వైపు నుంచి వచ్చిన, నడుము విరిగి ఆరు వారాలుగా పడుకొని ఉన్న ఒక ముసలాయన వీపు చూపించి, ముడత పడిన చోట చర్మం ఎలా ఎర్రబారుతుందో, ఆ ఎరుపు మీద వేలితో నొక్కితే తెల్లబడుతుందా లేదా అన్నది ఎందుకు చూడాలో, తెల్లబడకపోతే పడకపుండుకు అది తొలిమెట్టని ఎలా తెలుసుకోవాలో ఆమె చెప్పిన రోజు నుంచి నేను మళ్లీ ముడత పెట్టలేదు. ఆ ముసలాయన ఇంటికి పోయేటప్పుడు వీపు మీద ఒక్క పుండు లేదు. మా బ్యాచ్ వాళ్లం దాన్ని పరీక్ష పాసైనంత గొప్పగా చెప్పుకొన్నాము.

ఇప్పుడు రెండేళ్ల కిందటి మాట. మా మరిదిగారిని విరేచనాలతో మన ప్రాంతంలోని ఒక పెద్ద ఆసుపత్రిలో చేర్చితే నేను తోడుగా ఉన్నాను. పొద్దున తొమ్మిదిన్నరకు మూడు రకాల యూనిఫారాల్లో మూడు కళాశాలల పిల్లలు వార్డులోకి వచ్చారు. ఒక్కో మంచానికి ఏడుగురు, ఎనిమిది మంది. మా మరిదిగారికి గంటలో మూడుసార్లు బీపీ చూశారు, మూడు లెక్కలూ మూడు విధాలుగా వచ్చాయి. పిల్లల వెంట వచ్చిన టీచరమ్మలు ఇద్దరూ నర్సుల బల్ల దగ్గర కూర్చొని హాజరు పట్టీ రాసుకొంటున్నారు. వాళ్లనూ పూర్తిగా తప్పుపట్టలేను, ఒక్కొక్కరి వెనుక ముప్పైమంది ఉన్నారు.

వారిలో మూడో సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి సెలైను వేగం సరిచేయడానికి మంచం దగ్గరికి వచ్చింది. 500 మిల్లీలీటర్లు నాలుగు గంటల్లో పోవాలంటే నిమిషానికి ఎన్ని చుక్కలని అడిగాను. మిల్లీలీటరుకు 20 చుక్కల సెట్టు గనుక 500ను 20తో హెచ్చవేసి 240తో భాగించాలని, నిమిషానికి 42 అని తడుముకోకుండా చెప్పింది. చక్కటి పిల్ల. ఫోనులో సెకన్లు చూసుకొంటూ చుక్కలు లెక్కపెట్టి, రోలర్ తిప్పి, సరిగ్గా 42కు తెచ్చింది. ఈలోగా మా మరిదిగారి ముంజేయి సూది పెట్టిన చోటి నుంచి మోచేతి దాకా ఉబ్బి ఉంది. క్యాన్యులా, అంటే సెలైను పోయే సన్నగొట్టం, నరం నుంచి బయటికి వచ్చి, సెలైను కండలోకి పోతున్నది. ఆ అమ్మాయి చుక్కల్నే చూసింది, చెయ్యి చూడలేదు. నేను ఆమె చేతివేళ్ల వెనుక భాగాన్ని పట్టుకొని ఉబ్బిన చోట ఒకసారి, రెండో చేతి మీద ఒకసారి ఆనించాను. "ఇది చల్లగా ఉందండీ" అన్నది. బిగుతుగా కూడా ఉందని, చల్లగా బిగుతుగా ఉంటే సెలైను వెంటనే ఆపాలని చెప్పాను. ఆపి, డ్యూటీ సిస్టర్‌ను పిలుచుకొని వచ్చింది. తర్వాత బయటికి పోయేటప్పుడు నా దగ్గరికి వచ్చి, "మాకు ఇంతవరకు ఎవరూ ఇట్లా చెయ్యి పట్టుకొని చూపించలేదమ్మా" అన్నది. మూడో సంవత్సరం!

ఆ అమ్మాయి తాను చేసిన పనులు రాసుకొనే కేస్ బుక్ అడిగి చూశాను. అందులో అన్నీ నిండుగా ఉన్నాయి, ఎర్ర సిరాతో గీతలు, టీచరు సంతకాలు అన్నీ ఉన్నాయి. మా రోజుల్లో ఇరవై ప్రసవాలు మా చేతుల మీదుగా చేయనిదే మంత్రసాని పరీక్షకు కూర్చోనిచ్చేవారు కాదు. రాత్రి రెండింటికి కేసు వచ్చిందంటే హాస్టల్ గంట కొట్టి వంతు వచ్చిన పిల్లను లేపేవారు. ఈ రోజుల్లో ఒక్క కాన్పు జరిగే గదిలో పదిహేనుమంది నిలబడి, అందరూ అదే కాన్పును తమ తమ పుస్తకాల్లో రాసుకోవడం నేను చాలాచోట్ల విన్నాను, ఒకచోట నా కళ్లతో చూశాను.

నిబంధనలు లేక ఇది జరగడం లేదు. బి.ఎస్సి. నర్సింగ్ కళాశాల పెట్టాలంటే కనీసం 100 పడకల సొంత ఆసుపత్రి ఉండాలని, ప్రతి విద్యార్థికీ ముగ్గురు రోగులుండాలని, పదిమంది విద్యార్థులకు ఒక టీచరు ఉండాలని భారత నర్సింగ్ మండలి చెబుతున్నది. కాస్త లెక్క వేసి చూడండి. ఏడాదికి 60 మందిని చేర్చుకొంటే నాలుగేళ్లలో 240 మంది అవుతారు. వారిలో సగం మందే ఒక రోజున వార్డుల్లో ఉన్నారనుకొన్నా 120 మందికి 360 మంది రోగులు కావాలి. 100 పడకలూ నిండి ఉన్నా చాలవు, నిండని సంగతి ఎలాగూ మనకు తెలుసు. కనుక మిగిలినవారిని ప్రభుత్వ ఆసుపత్రులకు అనుబంధం పేరుతో పంపుతారు. అలా పంపేవారు ఒకే ఆసుపత్రికి నలుగురైదుగురు తయారైతే మా మరిదిగారి మంచం కథ అవుతుంది. తనిఖీ రోజున మాత్రం పడకలన్నీ నిండి ఉంటాయి. ఆ రోగులు ఎక్కడి నుంచి వస్తారో, సాయంత్రానికి ఎక్కడికి పోతారో ఆ వీధిలో టీ కొట్టువాణ్ణి అడిగినా చెబుతాడు.

1947 నాటి చట్టం స్థానంలో పార్లమెంటు 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం చేసింది. కళాశాలలను పరిశీలించి రేటింగ్ ఇచ్చే బోర్డు ఒకటి అందులో ఉంది. ఆ బోర్డు వారు ముందుగా తేదీ చెప్పకుండా, పొద్దున పదింటికి కాక రాత్రి పదింటికి వచ్చి రోగుల్ని లెక్కపెట్టాలని నా కోరిక.

బొమ్మల మీద నేర్పడం దండగని నేను అనడం లేదు. మేము నారింజపండుకు నీళ్ల సూది గుచ్చి నేర్చుకొన్నాము. బొమ్మ దానికంటే మేలే కదా. సిమ్యులేషన్ అని ఇప్పుడు దీన్ని ఒక శాస్త్రంగా చేశారు. అమెరికాలో నర్సింగ్ మండళ్ల జాతీయ సంస్థ పది కళాశాలల్లో జరిపించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వార్డు గంటల్లో సగం దాకా మంచి సిమ్యులేషన్‌తో భర్తీ చేసినా విద్యార్థుల ప్రతిభ తగ్గలేదని తేలింది. దీన్ని మన కళాశాలల వారు తరచుగా ఎత్తి చెబుతారు. అయితే అక్కడ ఆ బొమ్మల గదిలో నేర్పినవారు అందుకోసం ప్రత్యేకంగా తర్ఫీదు పొందినవారు, ప్రతి అభ్యాసం తర్వాత పిల్లల్ని కూర్చోబెట్టి ఎక్కడ తప్పిందో మాట్లాడించారు. పైగా మిగతా సగం గంటలు నిజమైన రోగుల దగ్గరే గడిచాయి. మన దగ్గర చాలాచోట్ల బొమ్మ గాజు బీరువాలో ఉంటుంది, తాళంచెవి ప్రిన్సిపాల్ దగ్గర ఉంటుంది. ఇక ఎంత ఖరీదైన బొమ్మ అయినా దాని చెయ్యి ఉబ్బి చల్లబడదు, ముసలాయనలాగా "అమ్మాయ్, మెల్లిగా" అనదు.

క్రైస్తవ కళాశాల అనగానే మన ఊళ్లలో రెండు రకాల మాటలు వినిపిస్తాయి. కొందరు మతం మార్చడానికే ఇదంతా అంటారు, మావాళ్లు కొందరు రోజూ ప్రార్థన జరుగుతుంది కనుక అంతా సవ్యమే అంటారు. రెండూ నాకు నచ్చవు. మా హాస్టల్లో ఆరున్నరకు ప్రార్థన ఉండేది, కీర్తన పాడుకొని డ్యూటీకి పోయేవాళ్లం. వార్డులో హిందువులు, ముస్లింలు ఉండేవారు. రంజాన్ నెలలో ఉపవాసం ఉంటానన్న షుగరు రోగికి మందు వేళలు మార్చవచ్చా అని డాక్టరుగారిని అడిగి కనుక్కోవడం మాకు నేర్పిన పాఠాల్లో ఒకటి. ఆపరేషనుకు పోయే ముందు తాయెత్తు తీయనని ఏడ్చిన తల్లికి దాన్ని తీయకుండా గుడ్డ చుట్టి ప్లాస్టరు వేసింది మా వార్డు సిస్టరే, ఆమె పాదిరిగారి కూతురు. రోగి విశ్వాసాలనూ ఆచారాలనూ గౌరవించాలని అంతర్జాతీయ నర్సుల మండలి నీతి నియమావళి కూడా చెబుతున్నది. కొన్ని విదేశీ క్రైస్తవ విశ్వవిద్యాలయాల్లో ఆత్మీయ పరిచర్య పేరుతో ప్రత్యేక పాఠ్యాంశమే ఉంది. ఉండనివ్వండి, మంచిదే. కాని దాహంతో నోరు ఎండిపోయిన రోగి పెదవులు తడి దూదితో తుడవడం తెలియని పిల్ల ఆ పాఠ్యాంశంలో నూటికి తొంభై తెచ్చుకొంటే ఆ రోగికి ఏమి ఒరుగుతుంది?

మన ప్రాంతంలో నర్సింగ్ చదివేవారికి ఈ నేల నేర్పగల పాఠాలు కూడా ఉన్నాయి. మన దేశంలో తాగునీటిలో ఫ్లోరైడు ఎక్కువై వచ్చే ఫ్లోరోసిస్ జబ్బును వైద్యులు మొట్టమొదట గుర్తించి 1937లో ప్రకటించింది ఇక్కడే, ఆనాటి నెల్లూరు జిల్లాలో ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి తాలూకాలలో. పచ్చబడి గారపట్టిన పళ్లు, వంగని వెన్ను, నిలబడలేని మోకాళ్లు ఆ పల్లెల్లో నేటికీ కనిపిస్తాయి. అలాంటి వెన్ను ఉన్న మనిషిని మంచం మీద తిప్పడం మామూలు రోగిని తిప్పినట్లు కాదు. సామాజిక ఆరోగ్య నర్సింగ్ అన్నది మూడు గంటలు బస్సులో పోయి, సర్పంచితో ఫొటో దిగి, చార్టులు గోడకు అంటించి రావడం కాదని చెప్పడానికి రాయవేలూరు నర్సింగ్ కళాశాల 1987 నుంచి పల్లెల్లో తన సొంత ఆరోగ్య కార్యక్రమం నడుపుతున్నది. అటువంటిది కనిగిరి వైపు ఒక్కటి ఎవరైనా పెడితే, దానికి ఏ మతం పేరున్నా నేను వెళ్లి ఉచితంగా పాఠం చెబుతాను. మోకాళ్లు అనుమతించినంత వరకు!

మా సంఘాల పెద్దలకు కూడా ఒక మాట చెప్పవలసి ఉంది. నేను పనిచేసిన ఆసుపత్రుల్లో ఒకదాని ప్రసూతి వార్డుకు తాళం పడి చాలా ఏళ్లయింది. కిందటి క్రిస్మస్‌కు అటు వెళ్లినప్పుడు కిటికీలో నుంచి చూశాను. ఇనుప మంచాలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, గోడ పగులులో రావిమొక్క మనిషెత్తు పెరిగింది. ఆ ఆవరణ ముందువైపు నర్సింగ్ విద్యకు కొత్త భవనం కట్టే ఆలోచన ఉన్నదని అక్కడివారు సంబరంగా చెప్పారు. వెనుక వార్డు తాళం తీసే ఆలోచన ఉందా అని అడిగితే, డాక్టర్లు దొరకడం లేదు, జీతాలు ఇవ్వలేము అన్నారు. ఆ మాట అబద్ధం కాదు, మిషన్ల నుంచి డబ్బు రావడం ఆగి చాలా కాలమైంది, కార్పొరేట్ ఆసుపత్రుల పక్కన నిలబడటం తేలిక కాదు. అయినా భవనానికి దొరుకుతున్న డబ్బులో కొంత పెట్టి, ఇద్దరు డాక్టర్లతో ముప్పై పడకల వార్డు ముందు నడిపి, రోగులు నమ్మి రావడం మొదలయ్యాక కళాశాల సంగతి ఎత్తితే మన పెద్దలు నడిచిన దారిలో నడిచినట్లు ఉంటుంది. ఫీజులు కట్టేవారు ముందు, రోగులు తర్వాత అన్న లెక్క ఆ పాత దొరసానులకు ఎవరికీ తెలియదు.

మీకు కూడా ఒక విన్నపం, సంపాదకుల వారూ. ప్రవేశాల రోజుల్లో మీ జిల్లా పేజీల్లో నర్సింగ్ కళాశాలల ప్రకటనలు చాలా వస్తాయి. ప్రకటనలు లేకుండా పత్రిక నడవదని నాకు తెలుసు. కాని అదే రోజుల్లో ఒక్క పేజీలో, ఏ కళాశాలకు ఏ ఆసుపత్రి ఉన్నది, అందులో నిన్న రాత్రి ఎంతమంది రోగులు నిద్రపోయారు అన్న వివరం మీ విలేఖరులు స్వయంగా వెళ్లి చూసి రాస్తే, విదేశీ ఉద్యోగాల ఆశతో పొలం తాకట్టు పెట్టి పిల్లల్ని చేర్చే తల్లిదండ్రులకు ఎంతో మేలు. అమెరికాలో నర్సుగా చేరడానికి రాయవలసిన పరీక్షను 2023 నుంచి మార్చారు. రోగి పరిస్థితి వరుసగా చెప్పి, ఇప్పుడు ముందుగా ఏం చేస్తావు, దేన్ని బట్టి తెలుసుకున్నావు అని అడుగుతున్నారట. మా అక్క కూతురు చెప్పింది. అంటే 42 చుక్కలు చెప్పినవారికి కాక, చెయ్యి చూసినవారికి మార్కులు.

కుట్టుమిషను ఆయనకు మొదటి రోజు నేను జవాబు చెప్పలేదని రాశాను. రెండు రోజులు ఆలోచించి ఆయన్ను పిలిచి ఇలా చెప్పాను: కళాశాలకు పోవద్దు, దాని ఆసుపత్రికి పోండి. ముందుగా ఫోను చేయకుండా, జ్వరమని ఓ.పి. చీటీ రాయించుకొని, పొద్దున పదింటికి లోపలికి వెళ్లండి. ఎన్ని మంచాల మీద మనుషులున్నారో లెక్కపెట్టండి. యూనిఫారం వేసుకొన్న పిల్లల పక్కన టీచరు ఉందా చూడండి, ఉంటే ఆమె కూర్చొని ఉందా, రోగిని తాకుతున్నదా చూడండి. ఒక రోగి బంధువును పక్కకు పిలిచి, రాత్రి పిలిస్తే నర్సు వస్తుందా అని అడగండి.

కరపత్రంలో ఆసుపత్రి పేరే లేదు గనుక దాన్ని పక్కనపెట్టి, ఆయన మన చుట్టుపక్కల వాటిని చూడటం మొదలుపెట్టాడు. కిందటి సోమవారం దుకాణం మూసి ఒకదానికి వెళ్లి వచ్చాడు. కొలత టేపు వెనుక పెన్సిలుతో రాసుకొన్న లెక్క చూపించాడు: మంచాలు నలభై రెండు, మనుషులు తొమ్మిదిమంది, టీచరు కనిపించలేదు. గురువారం ఇంకొకదానికి పోతున్నాడు. ఈసారి కూతురును కూడా తీసుకుపొమ్మన్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సింగ్ ట్యూటర్,
ఒంగోలు.